కావలి కూలి ఎవరిది?

పోలీసుల జీతాలు పెరిగాయంటే చాలు, టీ కొట్టు దగ్గర ప్రతివాడూ ఆర్థిక మంత్రి అయిపోతాడు. తెలంగాణలో 2015లో ఉద్యోగులకు 43 శాతం ఫిట్‌మెంట్ వచ్చినప్పుడు ఇదే గోల. 2021లో బిస్వాల్ వేతన సవరణ కమిషన్ 7.5 శాతం చాలంటే కేసీఆర్ సర్కారు 30 శాతం చేసినప్పుడూ ఇదే గోల. ఆ పెంపు టీచరుకూ వచ్చింది, గుమస్తాకూ వచ్చింది. చూపులు మాత్రం ఖాకీ చొక్కా జేబు మీదే. పోనీ అడిగేదేదో సరైన చోట అడుగుదామా అంటే, ఆ చోటు మనకు లేదు. లాస్ ఏంజెలెస్‌లో 2023లో పోలీసుల జీతాల ఒప్పందం నగర మండలి ముందుకొచ్చింది, సభ్యులు ఓటేశారు. మన పటాన్‌చెరు 2007లోనే గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది గానీ, ఆ కార్పొరేషన్ బడ్జెట్ పుస్తకాన్ని దీపం పెట్టి వెతికినా కానిస్టేబుల్ జీతం దొరకదు. రాజ్యాంగం పోలీసును రాష్ట్రాల జాబితాలో రాసింది. కార్పొరేషన్ వాటాకు దోమల మందు వచ్చింది.

కాబట్టి ‘ఎంత పెంచారు’ అన్నది పక్కన పెట్టి, ఆ మనిషి ఎవరి సొమ్ముకు కాపలా కాస్తున్నాడో చూద్దాం. 2025 జూన్ 30న పటాన్‌చెరు దగ్గర పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీలో డ్రయ్యర్ పేలింది. 46 మంది చనిపోయారని తేలింది, మరో 8 మంది ఆనవాళ్లే దొరకలేదు. గేటుకు అవతల శిథిలాలు. ఇవతల ఫోన్‌లో కొడుకు ఫొటో చూపిస్తూ బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. మధ్యలో బారికేడ్ పట్టుకుని పోలీసు. అంతకు ముందటి ఏడాది ఏప్రిల్‌లో హత్నూర మండలం చందాపూర్‌లో ఎస్‌బీ ఆర్గానిక్స్ పేలినప్పుడూ బందోబస్తుకు వచ్చింది ఆయనే. అసలు లోపలికి ముందుగా పోవాల్సింది ఫ్యాక్టరీల శాఖ, కాలుష్య నియంత్రణ మండలి. పోలీసు పని అన్నిటికంటే ఆఖరిది. మనకు కంటబడేది మాత్రం ఆఖరివాడే. అందుకే కాబోలు, ఖర్చంతా ఆయన ఖాతాలోనే రాసేస్తాం.

ఇదే పటాన్‌చెరు వైపు మరో లెక్క నడుస్తోంది. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, భానూరు బీడీఎల్ గేట్ల దగ్గర నిలబడేది కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం. దాని ఖర్చు ఆ సంస్థలే కడతాయి. డబ్బు కట్టగలిగితే ప్రైవేటు కంపెనీలూ ఆ దళాన్ని తెచ్చుకోవచ్చని 2009లో చట్టం మార్చారు. ప్రభుత్వ కంపెనీ తన కావలికి తాను ఇచ్చుకుంటుంది. పక్కనున్న ప్రైవేటు రియాక్టరు కక్కిన పొగకు మాత్రం ఊరంతా చందా వేసుకోవాలి! వెనకటికి చేను కాసినందుకు తలారికి కళ్లంలోనే మేర కొలిచేవారు. రాశి ఎవరిదైతే గింజలూ వాళ్లవే. బ్రిటిషువాడికీ ఈ సంగతి తెలుసు. 1861 పోలీసు చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల వల్ల అలజడి భయం ఉండి అదనపు పోలీసులను పెడితే ఆ ఖర్చు ఫ్యాక్టరీ నడిపేవాళ్ల నుంచి రాబట్టొచ్చు. (నిజాం ఏలుబడిలో మన వైపు 1329 ఫసలీ నాటి వేరే చట్టం నడిచింది లెండి.) దొరగారికి కూలివాణ్ని చూస్తేనే భయం, డ్రయ్యర్‌ను చూసి భయపడాలని తట్టలేదు.

ఇప్పుడూ ఆ ఖర్చు ఫ్యాక్టరీయే కట్టాలంటే యజమానులు ఊరుకోరు: పన్నులు కడుతున్నాం కదా అంటారు. బీహెచ్ఈఎల్ కట్టడం లేదా? ఇంకో అభ్యంతరం గట్టిది. కంపెనీ డబ్బుతో బతికే పోలీసు కంపెనీ మాటే వింటాడు, కంచే చేను మేస్తుంది. నిజమే, ఆ డబ్బు స్టేషనుకు పోతే అదే జరుగుతుంది. అందుకే ఖజానాలో కట్టించుకోవాలి, అదీ ప్రమాదం జరిగాక బందోబస్తు బిల్లుగా: ఎన్ని రోజులు, ఎంతమంది, ఎన్ని బారికేడ్లు, డీఎన్ఏ నమూనాల వెంట ఎన్ని బండ్లు. పేలని ఫ్యాక్టరీకి బిల్లే రాదు. దీనివల్ల పరిశ్రమలు పారిపోతాయని భయపడేవాళ్లు, బందోబస్తు బిల్లు చూసి పారిపోయే పరిశ్రమ ఎలాంటిదో కూడా కాస్త చెప్పాలి.

ఇక జీతమే కోద్దాం అనేవాళ్లకు ఎదురుగా ఒక మనిషిని నిలబెడతాను. 2025 జనవరి నుంచి హోంగార్డు రోజు భత్యం 921 రూపాయల నుంచి 1000 అయింది. పెరిగింది 79 రూపాయలు. కోసేవాళ్లు కత్తెర తెచ్చుకోండి, ఎక్కడ పెడతారో చూస్తాం.