ఒక సెస్నా 172 ఆత్మకథ: రెండు లైసెన్సులు

జీతం కోసం కాకుండా సరదాకు చిన్న విమానం నడిపేవారికి కావలసింది ప్రైవేట్ పైలట్ లైసెన్స్. అమెరికాలో దాన్ని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఇస్తుంది. యూరప్‌లో అక్కడి విమానయాన భద్రతా సంస్థ ఈఏఎస్‌ఏ నియమాల ప్రకారం ఆయా దేశాల విమానయాన శాఖలు ఇస్తాయి. తన కథ చెప్పుకుంటున్న ఈ నాలుగు సీట్ల సెస్నా 172 రెండు చోట్లా ఎగిరింది. 1970ల చివర్లో కాన్సస్ రాష్ట్రం విచిటాలో తయారై, 'ఎన్'తో మొదలయ్యే అమెరికా రిజిస్ట్రేషన్‌తో కొన్నేళ్లు గడిపి, సముద్రం దాటాక 'డి-ఈ'తో మొదలయ్యే జర్మన్ రిజిస్ట్రేషన్ పొందింది. పైలట్ కూర్చునే ఎడమ సీట్లోకి వచ్చేవారు అక్కడికి చేరే దారి మాత్రం రెండు చోట్లా వేరు.

అమెరికాలో కనీసం 40 గంటలు ఎగరాలి. అందులో ఇన్‌స్ట్రక్టర్‌తో 20, సోలోగా 10 తప్పనిసరి. స్కూల్లో చేరక్కర్లేదు, అర్హత గల ఇన్‌స్ట్రక్టర్ ఒకరుంటే చాలు. రాతపరీక్ష ఒక్కటే: 60 ప్రశ్నలు, పాసవడానికి 70 శాతం. అసలు పరీక్ష చివర్లో వచ్చే చెక్‌రైడ్. వాతావరణం, ఇంధనం, బరువు, చట్టం గురించి ఎగ్జామినర్ మొదట మౌఖికంగా ప్రశ్నలు అడుగుతారు, తర్వాత పక్కన కూర్చుని ఎగిరించి చూస్తారు. రాత్రి శిక్షణ 3 గంటలు ఆ 40లోనే ఉంది.

యూరప్‌లో 45 గంటలు. ఇన్‌స్ట్రక్టర్‌తో 25, సోలోగా 10. శిక్షణ గుర్తింపు పొందిన సంస్థలోనే జరగాలి. రాతపరీక్ష తొమ్మిది సబ్జెక్టుల్లో ఉంటుంది, ప్రతిదానిలో 75 శాతం రావాలి. రాత్రి ఎగరాలంటే మరో 5 గంటల శిక్షణతో రేటింగ్ అనే అదనపు అనుమతి తీసుకోవాలి. 150 నాటికల్ మైళ్ల సోలో ప్రయాణం మాత్రం రెండు చోట్లా ఉంది.

ఇంతకంటే తేలికైన లైసెన్సులూ ఉన్నాయి. యూరప్‌లో తేలికపాటి విమానాల లైసెన్సైన ఎల్‌ఏపీఎల్‌కు 30 గంటలు చాలు. 2,000 కిలోల లోపు విమానంలో ముగ్గురు ప్రయాణికుల వరకు ఎక్కించుకోవచ్చు. సెస్నా 172 ఆ పరిమితిలోనే ఉంటుంది. అమెరికా స్పోర్ట్ పైలట్‌కు 20 గంటలు చాలు, ఆరోగ్యానికి డ్రైవింగ్ లైసెన్సే రుజువు. 2004లో పెట్టిన 600 కిలోల హద్దు వల్ల వారు ఈ విమానాన్ని నడపలేకపోయేవారు. 2025 అక్టోబరు నుంచి నడపవచ్చు, కాని నాలుగు సీట్లున్నా ఒక్క ప్రయాణికుణ్నే ఎక్కించుకోవాలి.

పెద్ద తేడా లైసెన్సు చేతికొచ్చాక కనిపిస్తుంది. అమెరికా లైసెన్సుకు గడువు లేదు. 24 నెలలకోసారి ఇన్‌స్ట్రక్టర్‌తో గంట పాఠం, గంట ఎగరడం చాలు. యూరప్‌లో లైసెన్సుతో పాటు ఉండే సింగిల్ ఇంజిన్ రేటింగ్ గడువు రెండేళ్లే. పొడిగించాలంటే గడువుకు ముందు ఏడాదిలో 12 గంటలు, 12 టేకాఫ్‌లు, 12 ల్యాండింగ్‌లు, ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక గంట శిక్షణ ఉండాలి, లేదా ఎగ్జామినర్ ముందు పరీక్షకు నిలబడాలి. ఈ విషయంలో యూరప్ పద్ధతే మేలు. అలవాటు తప్పిన చేయి ఎలా ఉంటుందో విమానానికి బాగా తెలుసు. ముక్కు ఎత్తడం ఆలస్యమవుతుంది, ముందు చక్రం రన్‌వేని గుద్దుతుంది, ఇంజిన్ వెనుక ఉన్న ఫైర్‌వాల్ రేకు ముడతపడుతుంది. ఆ మరమ్మతు ఖరీదైనది.

యూరప్ లైసెన్సున్నవారు ఫ్లైట్ టెస్ట్ లేకుండానే దాని ఆధారంగా అమెరికా సర్టిఫికెట్ పొందవచ్చు. అయితే ఎల్‌ఏపీఎల్‌కు ఆ వెసులుబాటు లేదు. సెలవుల్లో అట్లాంటిక్‌కు అవతల కూడా ఎగరాలనుకునేవారు మొదటినుంచే పూర్తి లైసెన్సుకు చేరడం మంచిది.