తిరస్కార లేఖకు టీకా తాత్పర్యము

మూలము: "తమ ప్రతిభ మమ్మెంతయు ఆకట్టుకొన్నది, అయినను ఈ తరుణమున ముందుకు సాగజాలకున్నాము, తమ వివరములు భద్రపరచుకొందుము."

అవతారిక: కోనసీమలోని అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములందు ఇంజనీరింగు ముగించి, అమీర్‌పేటలో కోర్సు చేసి, మరల ఇల్లు చేరి అచ్చటినుండియే హైదరాబాదు, బెంగుళూరు కొలువులకు యత్నించు అభ్యర్థికి నాలుగైదు రౌండ్ల పిమ్మట వచ్చు మెయిలులోనిది ఈ వాక్యము. రౌండనగా పరీక్షలో ఒక అంకము. అయినవిల్లి సిద్ధివినాయకుని సన్నిధిని పూజించి ఇచ్చు కలము తక్కిన పరీక్షలకు ఉపకరించును గాని, కెమెరా వంక చూచుచు తెరపై కోడు టైపు చేయవలసిన ఈ పరీక్షలో కలమునకు పనియే లేదు.

ప్రతిపదార్థము: తమ ప్రతిభ = ఏ రౌండులో కనబడినదో చెప్పబడని నేర్పు; మమ్ము = కెమెరా ఆపుకొని కూర్చున్నవారిని కూడ కలుపుకొన్న బహువచనము; ఎంతయు = పాదపూరణము; అయినను = ఈ వాక్యమునకు ప్రాణము, దీనికి ముందున్నదంతయు దీనిచే రద్దగును; ఈ తరుణమున = ఎన్నటికిని; భద్రపరచుకొందుము = మరల తెరువము.

తాత్పర్యము: వద్దు.

విశేషములు: ఏల సాగజాలరో ఆ హేతువు మూలమున లేదు. ఆధారము లేనిది వ్రాయనన్న వ్యాఖ్యాత మల్లినాథసూరి మార్గమున పోవువాడు ఇచ్చట గంటము దించవలసినదే. తక్కినవారు అధ్యాహారమును, అనగా చెప్పని మాటను అర్థము కొరకు తెచ్చి చేర్చుకొనుటను, ఆశ్రయింతురు.

కొందరు "లింకుడు లిస్టును తిరగవేయలేకపోవుటచేత" అని పూరింతురు. ప్రతి అంశమును తన తరువాతిదానిని మాత్రమే ఎరిగియుండు వరుస లింకుడు లిస్టు. దానిని తుదినుండి మొదటికి మార్చుమనుట ఇంటర్వ్యూలలో ఆచారము. వేదపదములను ముందునకును వెనుకకును తిప్పి వల్లించు ఘనపాఠమునకు పేరుపడిన కోనసీమకు ఇది వింత కాదు. కాని ఘనపాఠి జీవితాంతము ఆ విద్యనే నడపును, కొలువులో చేరిన ఇంజనీరు ఆ లిస్టును మరల తిప్పిన దాఖలా అరుదు. హోంబ్రూ అను సాధనమును నిర్మించిన మాక్స్ హోవెల్, గూగుల్ తమ ఇంజనీర్లలో 90 శాతము దానిని వాడుదురని చెప్పుచునే తన్ను బైనరీ ట్రీని, అనగా ప్రతి కణుపునను రెండు కొమ్మలకు మించని వృక్షమును, తలక్రిందులు చేయలేడని కాదన్నదని 2015లో ట్విట్టరున వాపోయెను. విమానమున ఎన్ని గోల్ఫు బంతులు పట్టునను తరహా చిక్కుప్రశ్నలు వృథాయని ఆ సంస్థ సిబ్బంది వ్యవహారములు చూచిన లాజ్లో బాక్ 2013లోనే ఒప్పుకొనియుండెను. ఒకటి వృథాయని తెలిసియు దాని వంటిదానిని మానకుండుట శాస్త్రములకు సహజమే.

మరికొందరు "సిగ్నలు తెగుటచేత" అందురు. జిల్లా పేరు మార్పు వివాదమున 2022 మే 24న అమలాపురములో అల్లర్లు రేగిన పిమ్మట కోనసీమలో అంతర్జాలము నిలిపివేయగా, ఇంటినుండి పనిచేయువారు ల్యాప్‌టాపులు పట్టుకొని గోదావరి ఒడ్డున సిగ్నలందు చోట్లకు చేరిరి. ఉద్యోగమున్నవానికి ఆ ఒడ్డు చాలును; ఇంటర్వ్యూ ఇచ్చువానికి అచ్చటి గాలిహోరే ఒక అనర్హత.

పాఠాంతరము: కొన్ని ప్రతులలో ఈ వాక్యమే లేదు, అనగా మెయిలు రానేరాదు. దీనిని ఘోస్టింగందురు. ఈ పాఠమున "అయినను" లేకుండుట గుణమే గాని, "ఏవన్నార్రా ఆళ్ళు?" అని తండ్రి ప్రతిదినమును అడుగుచుండగా చూపుటకు కాగితమైనను లేకుండుట దోషము. ప్రచారమున దీనిదే పైచేయి యైనను ఈ టీక మొదటి పాఠమునే గ్రహించినది. వ్యాఖ్యానించుటకు ఏదో ఒకటి ఉండవలెను గదా.