తాగడం మామూలే సార్!

కారు ఇంజిన్ ఆయిల్ తాగుతోందని మొరపెట్టుకోవడానికి షోరూమ్ సర్వీసుకు వెళ్లండి. మీ మాట పూర్తికాక ముందే శుభవార్త వినిపిస్తుంది: "కొంచెం తాగడం మామూలే సార్." కొంచెం అంటే ఎంత బాబూ అంటే కారుతో ఇచ్చిన పుస్తకం తెరుస్తారు. 1,000 కిలోమీటర్లకు అర లీటరు దాకా ఫర్వాలేదని కొన్ని కంపెనీలు, లీటరు దాకా కంగారొద్దని ఇంకొన్ని అచ్చువేసి పెట్టాయి.

సరే, లెక్క వేద్దాం. చిన్న పెట్రోలు కారులో పట్టే ఆయిల్ 3, 4 లీటర్లు. సర్వీసు 10,000 కిలోమీటర్లకు. వెయ్యికి లీటరు చొప్పున ఈలోగా తాగేది 10 లీటర్లు. ఇక సర్వీసులో ఆయిల్ మార్చడమెందుకు? పాతది తగలేసుకుని, మన డబ్బుతో కొత్తది పోయించుకుని, ఇంజినే ఆ పని చేసేసుకుంటోంది కదా. దీనికి లేబర్ చార్జీ వేయడం మాత్రం ఇంకా ఎవరికీ తట్టలేదు, బతికిపోయాం.

సిలిండర్ గోడలకు అంటిన ఆయిల్ పొర కాస్త కాలుతుంది, కాదనను. కొత్త బండిలో పిస్టన్ రింగులు కుదురుకునేదాకా ఇంకాస్త కాలుతుంది. కానీ ఆ 'కాస్త'ను లీటరుదాకా సాగదీసింది భౌతికశాస్త్రం కాదు, వారంటీ శాఖ. అమెరికాలో మన కుర్రాళ్లు సెకండ్ హ్యాండ్‌లో ఎగబడి కొన్న 2007-2009 నాటి టయోటా క్యామ్రీనే చూడండి. అందులోని 2.4 లీటర్ల ఇంజిన్ ఆయిల్ తాగుతోందని గోల మొదలైతే, 1,200 మైళ్లకు ఒక క్వార్టు, అంటే మన లెక్కలో 1,900 కిలోమీటర్లకు లీటరుకు కాస్త తక్కువ, దాటితేనే జబ్బు అని గీత గీశారు. చివరికి వారంటీ పొడిగించి, పిస్టన్లూ రింగులూ మార్చి ఇచ్చారు. సుబారు మీద ఇదే ఫిర్యాదుతో కేసు పడి 2016లో రాజీతో ముగిసింది. మామూలు విషయానికి ఇంత హడావుడి దేనికో!

వారంటీ దాటిన మర్నాడు రాగం మారుతుంది. నిన్నటిదాకా మామూలుగా తాగిన ఇంజిన్ హఠాత్తుగా బోరుకొచ్చేస్తుంది. "ఇంజిన్ దింపాలి సార్." అంత సొమ్ము లేదని బయట షెడ్డుకు వెళితే అక్కడ ఇంకో మహానుభావుడు: "చిక్కటి ఆయిల్ పోద్దామన్నా, దెబ్బకు ఆగిపోద్ది." 5డబ్ల్యూ-30 అడిగిన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తాడు, పైన ఒక డబ్బా మందు కూడా. పొగ నిజంగానే తగ్గుతుంది. దగ్గేవాడి నోట్లో గుడ్డ కుక్కితే దగ్గు తగ్గినట్టే. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌లో ఆ చిక్కటి ఆయిల్ హెడ్‌దాకా ఎక్కేసరికి ఆలస్యమై, అరుగుదల ఇంకా పెరుగుతుంది. ఈ వైద్యం వల్ల నికరంగా బాగుపడేది ఒక్కడే: బండిని వారంలో వదిలించుకోవాలనుకున్న అమ్మకందారు.

షోరూమూ షెడ్డూ కలిసి చేయని పని ఒకటుంది. కొలవడం. బండిని సమంగా ఉన్న చోట నిలిపి, ఇంజిన్ ఆపి, అయిదు పది నిమిషాలాగి డిప్‌స్టిక్ లాగాలి. తుడిచి, మళ్లీ ముంచి తీయాలి. రెండు గీతల మధ్య తేడా చాలా కార్లలో దాదాపు లీటరు. పై గీత దాకా నింపి, కిలోమీటర్లు రాసుకుని, 1,000 తిరిగాక మళ్లీ చూడాలి. పై గీత దాటి పోయకూడదు. "కాస్త ఎక్కువే పోశా సార్" అనే ఉదారులు పోసిన ఆ ఎక్కువే క్రాంక్ చిలుకుడుకు నురగై, బ్రీదర్ గుండా ఇన్‌టేక్‌లోకి పోయి కాలుతుంది. ఇక కొన్ని ఖరీదైన కార్లలో డిప్‌స్టికే తీసేశారు. తెర ఏం చెబితే అదే వేదం.

కొలిచాక వెతకాలి, చవకైన చోటి నుంచి. కింద అట్టముక్క పరిచి చూస్తే కారుతున్నదెంతో తెలుస్తుంది: వాల్వ్ కవర్ గ్యాస్కెట్, క్రాంక్ సీల్, డ్రెయిన్ బోల్టు వాషర్. తర్వాత, ఇంజిన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వ్. చాలా బండ్లకు ఇది కొన్ని వందల రూపాయల ముక్క. ఊపితే గలగలమనాలి, మూగబోయిందంటే మార్చేయాలి. ఆపైన పొగ. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ కాగానే భప్పుమని నీలిపొగ వదిలి ఆగితే వాల్వ్ సీల్స్ మీద అనుమానం. చాలా ఇంజిన్లలో, సిలిండర్‌లోకి గాలి పట్టించి వాల్వులు జారకుండా నిలబెట్టి, హెడ్ దింపకుండానే వాటిని మార్చొచ్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా పొగ కొడితే రింగులు, టర్బో ఉంటే అదీ చూడాలి. ఇక్కడ ఇంకో బుకాయింపు వినిపిస్తుంది: "కంప్రెషన్ బ్రహ్మాండంగా ఉంది, రింగులకేం కాలేదు." కంప్రెషన్ పట్టేవి పై రింగులు. గోడమీది ఆయిల్‌ను గీకేది కింది రింగు. అది మసిపట్టి బిగుసుకుపోయినా కంప్రెషన్ మీటరు చిరునవ్వు చెక్కుచెదరదు. మసి కరిగించే ద్రావణం పోసి నానబెడితే కొన్ని ఇంజిన్లకు నయమవుతుంది, కొన్నిటికి కాదు. ఇన్నీ అయ్యాకే ఇంజిన్ దింపే మాట.

ఈసారి "మామూలే" అన్నప్పుడు వాదించకండి. ఆ మాటే, 1,000 కిలోమీటర్లకు ఇన్ని మిల్లీలీటర్లని అంకె వేసి, జాబ్‌కార్డు మీద రాసి సంతకం పెట్టమనండి. సిస్టమ్‌లో ఆ కాలమ్ లేదంటారు, మేనేజరు గారు భోజనానికి వెళ్లారంటారు. కూర్చోండి. భోజనం ఎంతసేపైనా అవుతుంది.