వీధి కుక్క పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

ఆ.వె.
వీధి కుక్క యొకటి వీరింటి కొచ్చెను
సోఫ మీద బండె సొంపుగాను
చాప మీద జేరె జంకుతో నాయన
తోక యూపు వాని దోషమేమి

అవతారిక: వీధిలో దొరికిన కుక్కను ఓ కుటుంబం ఇంటికి తెచ్చుకుని ఏడాదైంది. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు కనుక ఇల్లు చేరిన తేదీకే పుట్టినరోజు చేశారు. పిలుపులన్నీ ఇలాంటి కుక్కలను తెచ్చుకున్న ఇళ్లకే వెళ్లాయి. మూడు కాళ్లది ఒకటి, ఒంటికన్నుది ఒకటి, టపాసులంటే ఇప్పటికీ మంచం కిందికి దూరేది ఒకటి విచ్చేశాయి. చాక్లెట్ కుక్కలకు విషం కాబట్టి అన్నం, ఉడికించిన చికెన్ కలిపి కేకులా అచ్చుపోశారు. ఆ సభలో పుట్టిన పద్యమిది. కవి ఎవరో తేలలేదు. అనుమానం మాత్రం ఆ ఇంటి అమ్మగారి మీదే ఉంది.

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ వ్యాఖ్యాతల్లో మేటి మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. మేం ఆ రెండూ చేయక తప్పదు. ఈ పద్యంలో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ. ఇక్కడి టీకా మేం రాస్తున్నది. కుక్కకు వేయాల్సిన టీకాలు వేరే వాళ్లు ముందే వేశారు.

ప్రతిపదార్థం: వీధి కుక్క యొకటి = ఊరందరిదీ అయి ఏ ఇంటిదీ కాని కుక్క ఒకటి; వీరింటికి = రెండు పడకగదుల ఫ్లాటుకు, అదీ మూడో అంతస్తుకు; ఒచ్చెను = (దీని సంగతి కింద చూడండి); సోఫ మీద = వాయిదాలు ఇంకా తీరని సోఫా మీద; సొంపుగాను = నాలుగు కాళ్లూ పైకెత్తి; బండె = పడుకుంది, జన్మ పండింది అని శ్లేష; నాయన = ఇంటి యజమాని, అనగా అంతకుముందు వరకు యజమాని; జంకుతో = దాని నిద్ర చెడుతుందేమోనన్న భయంతో; చాప మీద జేరె = చాప మీదికి చేరాడు; తోక యూపు వాని దోషమేమి = తోక ఊపేవాడిది తప్పేముంది.

విశేషం: "ఒచ్చెను" గ్రామ్యమని వైయాకరణులు అభ్యంతరం చెప్పారు. గ్రామ్యమైతే సర్దుకోవచ్చు. ఇది అసత్యం. కుక్క రాలేదు, తెచ్చారు. తెచ్చిన కర్తను కవి మింగేశారు. కాబట్టి అధ్యాహారం తప్పదు, ఈ కింది వాళ్లందరినీ తెచ్చి పద్యంలో చేర్చుకోవాలి. పొద్దున టీ బండి దగ్గర ఆ కుక్కపిల్లకు బిస్కెట్ వేసినవాడు. రక్తవిరేచనాలతో మురిక్కాలువ పక్కన పడి ఉంటే చూసి ఆగిన కాలేజీ పిల్ల. "కుక్కతోనా మేడం" అంటూనే ఆటో తిప్పినవాడు. దానిది పార్వో జబ్బు. సెలైన్ ఎక్కిస్తూ, వాంతులు ఆపుతూ, రాత్రుళ్లు కాపలా కాయడమే వైద్యం. ఆ కాపలా కాసిన డాక్టరు కూడా కర్తే. ఆపైన ఫోస్టర్ ఇల్లు. తనకే చోటు చాలని గదిలో దానికి ఓ మూల ఇచ్చి, ముద్దలు కలిపి పెట్టి, పేరు పెట్టి, చివరికి వేరే ఇంటికి అప్పగించి, ఇంటికి వెళ్లి ఏడ్చే మనిషి. ఈ మనిషికి పద్యంలో ఒక్క అక్షరం లేకపోవడం మమ్మల్ని బాధించింది. హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ మొదలు, పేరూ బోర్డూ లేని ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపుల దాకా ఈ ఒక్క క్రియాపదంలోనే ఇరుక్కుని ఉన్నారు.

2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధి కుక్కకు సంతాన నిరోధక ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు. దీన్ని కర్ణవేధ సంస్కారంగా గ్రహించాలి. తిరిగి వీధికి పోవాల్సిన ఆ కుక్కను ఎవరైనా దత్తత తీసుకోవచ్చని, తీసుకున్నాక మళ్లీ వీధిన పడకుండా చూసే పూచీ వాళ్లదేనని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది. వదిలేస్తే? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆ డబ్బుకు కుక్క మెడకు పట్టీ కూడా రాదు.

"సోఫ మీద బండె" అన్నది చదివి తొలిరోజే ఎక్కిందనుకోకూడదు. తొలిరోజు అది దివాన్ కింద. ముక్కు కొస తప్ప ఏమీ కనిపించలేదు. పెరుగన్నం పెడితే, స్టీలు గిన్నె నేలకు తగిలిన చప్పుడుకే ఆ ముక్కు కూడా మాయమైంది. గిన్నె కింద పాత తువ్వాలు మడిచి వేశాక, ఇంట్లో లైట్లన్నీ ఆర్పాక, చీకట్లో తిన్న చప్పుడు వినబడింది. రెస్క్యూ వాళ్ల లెక్క ఇది: బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి పట్టుబడడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు. సుమతీ శతకకారుడు శునకాన్ని సింహాసనం ఎక్కించింది దాని బుద్ధి మారదని చూపడానికి. ఆయన మూడు రోజులకే లేచి వెళ్లి ఉంటారు.

శంక: చాప మీదికి చేరిన ఈ నాయన, "కుక్క వస్తే నేను పోతా" అన్న నాయనేనా? సమాధానం: ఆయనే. పోలేదు. ఇప్పుడు పొద్దున ఐదున్నరకు ఒక చేతిలో బెల్టు, ఒక చేతిలో పాత పేపరు పట్టుకుని కిందికి దిగేది ఆయనే. ఆ పేపరు చదవడానికి కాదు.

ధర్మరాజు కుక్కను వదిలి రథం ఎక్కనన్నాడు. స్వర్గంలో కుక్కలకు చోటు లేదన్న ఇంద్రుడి మాట నేడు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీల నోట వింటున్నాం. మెజారిటీ తీర్మానం చేసినా పెంపుడు కుక్కల్ని నిషేధించడం చెల్లదని జంతు సంక్షేమ బోర్డు చెప్పింది గనుక నాయనకు రథం దిగే అవసరం రాలేదు. ఒకటే తేడా. భారతంలో ఆ కుక్క చివరికి ధర్మదేవత అయింది. వీరింట్లో ఏడాది గడిచినా కుక్క కుక్కగానే ఉంది. పోయిన వారం సెక్రటరీ గారి చెప్పు కొరికింది.

"దోషమేమి" అన్న ప్రశ్న పాతదే. యజ్ఞశాల దగ్గర తిరిగిన కుక్కపిల్లను జనమేజయుడి తమ్ముళ్లు ఊరికే కొట్టారు. దాని తల్లి సరమ వచ్చి ఏ తప్పు చేశాడని నా బిడ్డను కొట్టారని నిలదీసింది. ఆదిపర్వం తొలిపుటల్లోనే ఉంది ఈ గోడు. జవాబు చెప్పినవాడు లేడు.

ఇక "వాని". చిన్నయసూరి వ్యాకరణం ప్రకారం కుక్క అమహత్తు, "దాని" అనాలి. అందుచేత కొందరు పండితులు ఈ పాదాన్ని నాయనకే అన్వయించారు. తోక ఊపుతున్నది ఆయనేనని వాళ్ల వాదం. అమ్మగారు దీన్ని ఖండించలేదు. మాకు అంత దూరం పోవాలని లేదు. కుక్క ఉన్న ఏ తెలుగింటికైనా వెళ్లండి, "మావాడు పొద్దున్నుంచి ముద్ద ముట్టలేదండీ" అంటారు.

పాఠాంతరం: ఒకటి రెండు ప్రతుల్లో "తోక యూపు దాని" అనే ఉంది. ఛందస్సుకు అదీ సరిపోతుంది. ఆ ప్రతులు మొదటి వారంలో రాసుకున్నవి అయి ఉండాలి.