మేస్త్రీకి తెలియని కోత

మా రోజుల్లో బియ్యం మిల్లులో జమాఖర్చులు రాసేవాణ్ణి. గోదాముకి రంగులేసిన మేస్త్రీకి డబ్బిస్తే వోచరు మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేయించడం, రెండు శాతం పన్ను కోసి బ్యాంకులో చలానా కట్టడం, ఏడాదికోసారి రిటర్న్ పంపడం. ఆ కోత ఈనాటిది కాదు. ఆదాయపు పన్ను చట్టంలోకి 194సి సెక్షన్ 1972లోనే వచ్చింది. కానీ కోసిన ప్రతి రూపాయికీ 16ఎ సర్టిఫికెట్ చేత్తో రాసి మేస్త్రీకిచ్చి, "ఇది నీ డబ్బు, పారేసుకోకు" అని మరీమరీ చెప్పేవాళ్లం. అతనికి చదువు రాకపోయినా, ఆ కాగితం పట్టుకెళ్లి ఏ ఆడిటరునైనా అడగగలిగేవాడు.

ఇప్పుడు ప్రతి నెలా 7వ తేదీకల్లా పన్ను కట్టాలి, మూడు నెలలకోసారి రిటర్న్ వెయ్యాలి, ఆలస్యమైతే రోజుకి 200 రూపాయలు. సరే, యజమానికి ఆడిటరున్నాడు, ఏదో పడతాడు. నా బాధంతా ఆ మేస్త్రీ గురించే.

ఒక్క బిల్లు 30 వేలు దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా కొయ్యాల్సిందే. 45 వేల బిల్లుకి ఒక శాతం చొప్పున 450 రూపాయలు. అంతవరకూ ఎవరూ ఏడవరు. పాన్ లేకపోతే 20 శాతమని 2010లో పెట్టారు. మా కాలంలో నంబరున్నా లేకున్నా కోత ఒక్కటే. 2023 జులై నుంచి ఆధార్‌తో కలపని పాన్ కూడా చెల్లకుండా పోయింది. దాంతో ఆ 450 కాస్తా 9 వేలైంది! ఇంటి పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చి రెండు కార్డులూ కలవనివాళ్లు పల్లెల్లో కొల్లలు. ఆ 9 వేలు ఆదాయపు పన్ను పోర్టల్లో కనిపిస్తాయట. నిచ్చెనెక్కి రంగులేసేవాడు పోర్టల్ ఎప్పుడు తెరవాలి? తెరిచినా, పాన్ చెల్లుబాటయ్యేదాకా రిఫండ్ రాదు.

ఇంకో అన్యాయముంది. బ్యాంకులో డిపాజిట్ ఉన్నవాడు, తనకి పన్నుపడేంత ఆదాయం లేదని ఒక ఫారం రాసిస్తే వడ్డీలో ఏమీ కొయ్యరు. వొళ్లొంచి పనిచేసినవాడికి ఆ ఫారం వర్తించదు. కోత తగ్గాలంటే అతనే ఆదాయపు పన్ను అధికారికి దరఖాస్తు పెట్టుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. కూర్చుని వడ్డీ తినేవాడి మాట నమ్మినప్పుడు చెమటోడ్చినవాడి మాట ఎందుకు నమ్మరు?

2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టమన్నారు. 194సి సంగతులన్నీ 393లోకి చేర్చారు. నంబర్లు మార్చే ఓపిక ఉన్నవాళ్లు, డిపాజిటుదారుల ఫారం లాంటిది ఒకటి మేస్త్రీలకీ ఇచ్చి ఉండాల్సింది. అది వచ్చేలోపు, లెక్కలు రాసే కుర్రాళ్లైనా పన్ను కోసిన సర్టిఫికెట్ ప్రింటు తీసి అతని చేతిలో పెట్టండి, ఎంత కోశారో నోటితో చెప్పండి.