ఎక్కి నడిపి చూడకుండా హౌసింగ్ విప్పుతారా!

పోయిన నెలలో అవనిగడ్డ వైపు నుంచి ఒక కుర్రాడు పికప్ వేసుకుని మా షెడ్డుకొచ్చాడు. అరటి గెలలు తోలే బండి. “వెనకాల కూత బాబాయ్. 40 దాటితే మాట వినపడటం లేదు. హౌసింగ్ పోయింది, క్రౌను పినియన్ సెట్టు మార్చాలన్నారు” అంటూ చేతిలో కాగితం పెట్టాడు. సెట్టు, బేరింగులు, సీళ్ళు, ఆయిలు, కూలి అన్నీ వరసగా రాసున్నాయి.

“ఇది రాసినాయన బండి నడిపి చూశాడా?” అని అడిగాను.

“లేదు బాబాయ్. స్కానర్ పెట్టారు. దాంట్లో ఏమీ రాలేదు, కాబట్టి హౌసింగే అన్నారు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బండిలో స్కానరుకు అందేది ఇంజను సంగతి. పంటి మీద పన్ను ఎలా ఒరుసుకుంటోందో చెప్పే సెన్సరు వెనక ఇరుసులో ఎక్కడుంది? హౌసింగ్ లోపలి డిఫరెన్షియల్ చెప్పుకునేదల్లా చప్పుడుతోనే చెబుతుంది. వినేవాళ్ళే కరువైపోయారు.

టాటా 407 రోడ్డు మీదకొచ్చిన 1986లోనే నేను విజయవాడ ఆటోనగర్‌లో స్పానరు పట్టుకున్నాను. జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ బళ్ళు కూడా అప్పుడు మా షెడ్డుకు వచ్చేవి. మా మేస్త్రి పెద్దగా చదువుకోలేదు. కానీ హౌసింగ్ రిపేరు అని ఏ బండొచ్చినా జాకీ జోలికి పోయేవాడు కాదు. టైర్లు తడిమి చూసి, గాలి కొట్టించి, డ్రైవరు పక్కన కూర్చుని బందరు రోడ్డెక్కించేవాడు. నన్ను వెనక తొట్టిలో కూర్చోబెట్టేవాడు. కంకిపాడు వెళ్ళొచ్చేసరికి జబ్బేమిటో తేలిపోయేది.

ఆయన నేర్పిందేమిటంటే, చప్పుడు ఎంత పెద్దదన్నది తర్వాత సంగతి, ఎప్పుడొస్తోందన్నది ముందు పట్టుకోవాలి. యాక్సిలరేటర్ తొక్కి లాగేటప్పుడు క్రౌను పళ్ళకు ఒక ముఖం ఒరుసుకుంటుంది. కాలు తీసేసి బండిని దాని మానాన పోనిస్తే రెండో ముఖం ఒరుసుకుంటుంది. అందుకే కూత లాగుడులో వచ్చి, కాలు తీయగానే ఆగినా మారినా, అప్పుడు పళ్ళను అనుమానించాలి. తిన్నగా పోయేటప్పుడు ఏమీ లేకుండా మలుపులోనే కటకటలాడితే లోపలి చిన్న పినియన్లు, ఎందుకంటే రెండు చక్రాల వేగం తేడా వచ్చినప్పుడే అవి తమ చుట్టూ తాము తిరుగుతాయి. బండి కదిలేటప్పుడు, రివర్స్ వేసినప్పుడు ‘టక్’మంటే ముందు జాయింట్ క్రాసులు చూడాలి. వేగం పెరిగేకొద్దీ కాళ్ళ కింద వణుకు పుడితే ప్రొపెల్లర్ షాఫ్టు, దాని సెంటర్ బేరింగు. తారు రోడ్డు మీద ఒక రకంగా, సిమెంటు రోడ్డు మీద ఇంకో రకంగా మోగితే అది టైరు. టైరు మోతకు హౌసింగ్ విప్పిన షెడ్లు ఈ రోజుల్లో ఎన్నో చూశాను, చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

గేర్ బాక్సుకూ ఇలాగే ఒక వరస ఉంది. బండి నిలబెట్టి న్యూట్రల్‌లో ఇంజను ఆడించు. క్లచ్ వదిలినప్పుడు గరగర వచ్చి, తొక్కితే ఆగిపోయిందా, బాక్సు ముందు బేరింగు, లేదా లే షాఫ్టు బేరింగులు. తొక్కినప్పుడే వస్తే క్లచ్ రిలీజ్ బేరింగు, దానికి బాక్సు లోపల పళ్ళు విప్పాల్సిన పనే లేదు. ఇలాంటి అయిదు గేర్ల బళ్ళలో చాలావాటికి నాలుగోది డైరెక్టు గేరు, బలం లే షాఫ్టు మీదుగా పోదు. మిగతా గేర్లలో అరిచి నాలుగులో సద్దుమణిగితే ఎక్కడ వెతకాలో ఇంకొకరు చెప్పాలా? ఇప్పుడు ఈ పరీక్షలకు పది నిమిషాలు పెట్టే ఓపిక లేదు. బాక్సు అసెంబ్లీ మొత్తం దింపి పాత అసెంబ్లీ ఇంకోటి ఎక్కిస్తారు. పాతదానిలో పోయిందేమిటో ఎవరికీ తెలియదు, ఎందుకు పోయిందో అసలే తెలియదు.

ఆయిలు సంగతి చెప్పకుండా ఉండలేను. హౌసింగ్‌కు జీఎల్-5 నూనె కావాలి, ఒరుసుకుంటూ తిరిగే ఆ పళ్ళకు అందులో కలిపే మందు ఉండాల్సిందే. అదే నూనెను, కంపెనీ పుస్తకం ఏమందో చూడకుండా, గేర్ బాక్సులో పోస్తే లోపలి ఇత్తడి రింగులు కొన్నిటిని అందులోని గంధకపు మందులు తినేస్తాయి. రెండూ 90 నంబరే కదా అని ఒకే డబ్బాలోంచి పోసేవాళ్ళను చూస్తే చెయ్యి పట్టుకుని ఆపాలనిపిస్తుంది. నూనె దించేటప్పుడు కూడా వేస్టు డబ్బాలోకి వదిలేసి ఊరుకుంటారు. మా మేస్త్రి డ్రెయిన్ నట్టుకుండే అయస్కాంతాన్ని గోటితో గీసేవాడు. బూడిదరంగు ముద్ద ఉంటే మామూలే. మెరిసే పొరలు, ముక్కలు తగిలితే బండి కదలనిచ్చేవాడు కాదు. నూనె పాలు కలిసిన టీలా ఉంటే నీళ్ళు లోపలికి పోయాయన్నమాట.

ఆ అవనిగడ్డ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నేనే నడిపాను. లాగినా వదిలినా కూతలో తేడా లేదు. కంకిపాడు దాటాక రోడ్డు ఖాళీ చూసి స్టీరింగును మెల్లగా అటూ ఇటూ ఊపాను. కుడికి తిప్పినప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడింది, మోత రెట్టింపయింది. ఎడమకు తిప్పితే తగ్గింది. దిగి హబ్బుల మీద చెయ్యి పెట్టాను. కుడివైపు గోరువెచ్చగా ఉంది, ఎడమవైపు చెయ్యి ఆనలేదు.

షెడ్డుకు తెచ్చి ఎడమ చక్రం విప్పితే డ్రమ్ము నిండా గేర్ ఆయిలు. లైనర్లు తడిసి నల్లబడ్డాయి. సీలు దాటొచ్చిన నూనె బేరింగు గ్రీజును కడిగేసింది, కప్పు మీద గుంటలు పడ్డాయి. సీలు, బేరింగు, లైనర్లు మార్చి పంపొచ్చు. మా షెడ్డులో పనివాడు అదే చేయబోతే ఆపాను. ఆ సీలు ఎందుకు కారింది?

హౌసింగ్ మీద చిటికెన వేలంత ఊపిరి గొట్టం ఉంటుంది, బ్రీదర్ అంటాం. బండి నడిస్తే లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది, ఆ గొట్టంలోంచి బయటికి పోవాలి. దారి మూసుకుంటే ఆ గాలి నూనెను సీళ్ళలోంచి తోస్తుంది. వేడి మీదున్న హౌసింగ్ నీళ్ళలో దిగి చల్లబడితే లోపలి గాలి ముడుచుకుని, అదే సందులోంచి నీళ్ళను లాగుతుంది. తోటల బురదలో తిరిగే బండి ఇది. బ్రీదర్ మట్టితో గట్టిపడిపోయింది, ఇనప తీగ పెట్టి పొడిస్తే గాని ఊడలేదు. కాగితం మీది లెక్కన కొత్త క్రౌను పినియన్ వేసి, బ్రీదర్ అలాగే వదిలేసి ఉంటే, కొత్త సీలు కూడా కొన్నాళ్ళకే కారేది.

హౌసింగ్ నూనె వేలికి రాసి చూశాను, శుభ్రంగా ఉంది. కారినంత మేర కొత్తది పోయించి, రెండో వైపు సీలు కూడా మార్పించాను. కుర్రాడు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంటుంటే అడిగి తీసుకున్నాను. మా షెడ్డులో పనిచేసే పిల్లలను పిలిచి, దాని వెనకవైపు బ్రీదర్ బొమ్మ గీసి చూపించాను. మర్నాడు వచ్చిన బండికి వాళ్ళలో చిన్నవాణ్ణి తొట్టిలో కూర్చోబెట్టి, బందరు రోడ్డెక్కించాను.