యాదికి మందు

మార్చి వస్తే నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా మూలికల దుకాణం ముందు తల్లులు నిలబడతారు. "అన్నా, మా పిలగానికి చదివింది యాదికుంటలేదు, సరస్వతాకు పొడి ఇయ్యి." దుకాణదారు పొట్లం కడుతూనే భరోసా ఇస్తాడు: "పది రోజులు పాలల్ల కలిపి తాపియ్యి అక్కా, పుస్తకం మొత్తం నోటికొస్తది." పరీక్ష ఎప్పుడంటే, వచ్చే సోమవారమట.

ఆ పొట్లంలో ఉన్నది గుండ్రటి ఆకు, అంచున పళ్లున్న మండూకపర్ణో, లేక దళసరి చిట్టి ఆకుల నీటి బ్రహ్మో, పొడి కొట్టాక ఆ సరస్వతీదేవికే ఎరుక. పాపం, బ్రహ్మి మరీ పనికిమాలినదేం కాదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ దాని సారాన్ని మందుగా తయారుచేసింది. ఆస్ట్రేలియాలో పెద్దవాళ్లకు రోజుకు 300 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూస్తే కొంత మెరుగు కనిపించింది. అదీ 12 వారాలకు! ఆ లెక్కన మార్చిలో మింగిన పొడికి జూన్‌లో గానీ యాదికి రాదు. సప్లిమెంటరీకి పనికొస్తుందనుకుందాం.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ రెండు ఆకులూ తడి నేలవి. వరి గట్టున, కాలువ ఒడ్డున పాకుతాయి. యాదికని వాడే మూలికల్లో మన ఎర్రచెల్కల్లో సొంతంగా మొలిచేది విష్ణుక్రాంతే: నేలకు అంటుకుని నీలిపూలు పూస్తుంది, వినాయక చవితి పత్రిలో తప్ప ఎవరికీ యాదికి రాదు. మరి సరస్వతాకు మొలవాలంటే కాలువ కావాలి. కాలువ పారాలంటే నీళ్లిస్తామన్న మాట పెద్దలకు యాదుండాలి. వాళ్లకు యాదుండాలంటే సరస్వతాకు కావాలి. ఈ ముడి విప్పే ఇంజినీరు ఇంకా పుట్టలేదు.

శ్రీశైలం నీళ్లను నల్లగొండకు తెచ్చే ఎస్సెల్బీసీ సొరంగం సుమారు 44 కిలోమీటర్లు. కాంట్రాక్టు ఇచ్చింది 2005లో. సర్కార్లు మారాయి, జెండాలు మారాయి, నల్లమల కింద తవ్వకం మాత్రం తెగలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర పైకప్పు కూలి ఎనిమిది మంది లోపలే చిక్కుకున్నాక గానీ ఆ సొరంగం ఒకటి ఉందని రాష్ట్రానికి యాదికి రాలేదు. ఇక్కడ నవ్వించే ఓపిక నాకు లేదు.

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్‌లో కర్వెన దగ్గర శంకుస్థాపన చేశారు. 2023 సెప్టెంబరులో నార్లాపూర్‌లో మోటరు ఆన్ చేశారు. ఆ బటన్ నొక్కిన ఫొటో అందరికీ యాదుంది. మా పొలం దాకా కాలువ ఎప్పుడొస్తదని రైతు అడిగితే మాత్రం గత సర్కారును ఈ సర్కారు, ఈ సర్కారును గత సర్కారు తలుచుకుంటాయి. అవతలివాడి తప్పుల విషయంలో మన నాయకులది ఏకసంథాగ్రాహి బుర్ర.

సాగునీళ్ల కథ అదైతే, తాగునీళ్లది ఇంకో కథ. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ మన జిల్లా పేరే పెట్టింది. 'నల్లగొండ టెక్నిక్' టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. అంత దూరాన యాదున్న నల్లగొండ, వంద కిలోమీటర్ల హైదరాబాద్‌లో ఎందుకు మరుపుకొచ్చిందో! మిషన్ భగీరథ నల్లా వచ్చింది, కాదనం. కానీ మర్రిగూడలో ఆ ఫ్లోరైడ్ నీళ్లకు నడుము వంగిన పెద్దమనిషికి ఏ లేహ్యమూ అక్కర్లేదు. ఎన్నేళ్లు ఏ నీళ్లు తాగిండో ఆయన ఎముకల్లోనే రాసి ఉంది.

కాబట్టి అక్కలారా, పిలగానికి ఏ మందైనా డాక్టరును అడిగే ఇయ్యండి. రాత్రి వాని ఫోను గుంజుకుని పడుకోబెట్టండి, సగం యాది అదే వస్తది. ఇక సభలకు వచ్చే నాయకులకు శాలువాలు కప్పుడు బంద్ చేసి, తలా ఒక బ్రహ్మి పొట్లం చేతిలో పెట్టండి. పోలింగ్‌కు 12 వారాల ముందే మొదలుపెట్టాలని మరీ మరీ చెప్పండి.